ముసుగేసిన రేడియో

విలువైన వస్తువు ఏదైనా ఇంటికి రాగానే మనవాళ్ళు ముందు చేసే పని దానికి గుడ్డ కొలత తియ్యడం. రేడియోకి లేసు అల్లిన గుడ్డ, టీవీకి కుచ్చుల తొడుగు, మిక్సీకి పూలపూల ముసుగు, ఫ్రిజ్జు నెత్తిన ఒక తువ్వాలు, దాని హ్యాండిలుకి వేరే తొడుగు. టీవీ రిమోటయితే కొన్ననాటి ప్లాస్టిక్ సంచీలోనే బతికి, అందులోనే పోతుంది. సముద్రాలు దాటినా ఈ అలవాటు మనల్ని వదల్లేదు. ఇక్కడ న్యూజెర్సీలో నేను వెళ్ళే తెలుగు ఇళ్ళలో ఇప్పటికీ రిసీవరు మీద ఒక టేబుల్ క్లాత్, దాని మీద తిరుపతి నించి తెచ్చిన స్వామివారి పటం, పక్కన స్పీకరు నెత్తి మీద మనీ ప్లాంటు కుండీ కనిపిస్తుంటాయి.

నా కళ్ళు అటే పోవడానికి కారణం ఉంది. వారమంతా కంప్యూటర్లతో కుస్తీ పట్టి, శనివారం పూట పాత రేడియోలూ, ఆంప్లిఫయర్లూ విప్పుకు కూచోవడం నాకొక వ్యసనం. మా ఆవిడ మాటల్లో చెప్పాలంటే, "ఇంట్లో కుళాయి కారుతున్నా పట్టదు గానీ, ఊళ్ళోవాళ్ళ టేపు రికార్డర్లకి ఆపరేషన్లు చేస్తారు." ఈ వైద్యం సంగతి తెలిసినవాళ్ళు తమ సెట్లు మోసుకొస్తుంటారు. మూత విప్పగానే ఆ ఇంటి అలవాట్లన్నీ లోపల కనిపిస్తాయి. ఎవరింట్లో సెట్టు వంటగదికి దగ్గరో, ఎవరు అగరొత్తులు ఎక్కువ వెలిగిస్తారో, ఎవరు పాట గట్టిగా పెడతారో చెప్పడానికి జ్యోతిషం అక్కర్లేదు.

నాకు ఈ పిచ్చి అంటుకున్నది గుడివాడలో, మా తాతగారి వాల్వు రేడియో పుణ్యమా అని. రేడియో పెట్టుకోవాలంటే పోస్టాఫీసులో లైసెన్సు కట్టాల్సిన రోజుల్లో కొన్నది. నాకు ఊహ తెలిసేనాటికి ట్రాన్సిస్టర్లు ఇంటింటికీ వచ్చేసినా, పొద్దున్నే విజయవాడ కేంద్రం భక్తిరంజని మాత్రం ఆయన ఆ పెద్దదాంట్లోనే వినేవారు. మా నాయనమ్మ దానికి తెల్లటి లేసు గుడ్డ అల్లింది. ముందువైపు కొంచెం వేలాడుతూ, వెనకవైపు పూర్తిగా కిందికి జారి ఉండేది. రేడియోని గోడకి ఆనించి పెట్టేవారు. ఏడాదికి రెండుసార్లు అది మూగబోయేది. బజార్లో రేడియో రిపేరు చేసే ఆయన సైకిలు మీద వచ్చి, వెనక అట్ట విప్పి, లోపల్నించి ఒకసారి ఎండిపోయిన బల్లినీ, ఇంకోసారి బొద్దింక గుడ్లనీ తీసి చూపించడం నాకు బాగా గుర్తు. బల్లులకి ఆ వెచ్చదనం ఇష్టం. వెనక అట్టకి ఆ చిల్లులు ఎందుకు పెట్టారో, వాటిని గుడ్డతో మూసేస్తే వాల్వుల వేడికి కెపాసిటర్ల మీది మైనం ఎలా కరిగి కారుతుందో ఆయన వేలు పెట్టి చూపించాడు. "దుమ్ము కన్నా మూత ఎక్కువ చంపుద్దండీ," అన్నాడు మా తాతగారితో. తాతగారు తలూపి, డబ్బులిచ్చి పంపించి, ఆయన సందు మలుపు తిరగ్గానే గుడ్డ మళ్ళీ కప్పారు.

ఆ సైకిలాయన మాటలో ఎంత లెక్క ఉందో నాకు ఎమ్మెస్ చదివేటప్పుడు గానీ అర్థం కాలేదు. ఏ ఆంప్లిఫయరు విప్పినా లోపల చిన్న చిన్న డబ్బాల్లాగా నిలబడి కనిపించేవి ఎలక్ట్రొలైటిక్ కెపాసిటర్లు. లోపల అల్యూమినియం రేకు చుట్ట, మధ్యలో ద్రవంలో తడిపిన కాగితం. ఆ తడి ఉన్నన్నాళ్ళే దాని బతుకు. తడి ఆరిపోయే వేగం వేడి మీద ఆధారపడి ఉంటుంది. ఇంజనీర్లు వాడే మోటు లెక్క ఏమిటంటే, పది డిగ్రీల సెల్సియస్ వేడి తగ్గితే ఆయుష్షు రెట్టింపవుతుంది, పది పెరిగితే సగమవుతుంది. మామూలు రకం కెపాసిటరు మీద 85 డిగ్రీల దగ్గర 2,000 గంటలు అని హామీ ఉంటుందనుకోండి. లోపలి వేడి 45 డిగ్రీలు దాటకుండా ఉంటే అది 32,000 గంటలవుతుంది. రోజుకి ఐదు గంటలు వాడితే పదిహేడేళ్ళ పైమాట. అదే సెట్టు మీద గుడ్డ కప్పి, అద్దం తలుపుల బీరువాలో పెట్టి, లోపలి వేడిని 55 డిగ్రీలకి తెచ్చారా, మిగిలేది తొమ్మిదేళ్ళ లోపే. ఒక్క టేబుల్ క్లాతు మింగినవి ఎనిమిదేళ్ళు. కంపెనీలు సర్వర్లకి ప్రత్యేకంగా చల్లటి గది కట్టించి, మనుషులకి స్వెట్టర్లు తొడిగిస్తాయి. ఇళ్ళలో మనం సెట్టుకే స్వెట్టరు వేస్తాం.

ఈ కాలపు హోం థియేటర్ రిసీవర్ల విషయం ఇంకా సున్నితం. ఒక్క పెట్టెలో ఏడో, తొమ్మిదో ఆంప్లిఫయర్లూ, దాదాపు ఒక కంప్యూటరంత సర్క్యూటూ కుక్కి ఉంటాయి. దాని మీద కేబుల్ బాక్సూ, ఆ పైన గేమ్ బాక్సూ దొంతరగా పేర్చి, "రెండేళ్ళకే పోయిందండీ, ఈ కాలం వస్తువులు మన్నవు," అంటారు. పైన ఒక జానెడు ఖాళీ వదిలితే చాలు. ఎయిర్‌ఫ్లో కోసమని ప్రత్యేకంగా ఫాన్లు కొనక్కర్లేదు, బంగారు పూత వైర్లు అసలే అక్కర్లేదు. వేల డాలర్ల వైర్లు కొని, సెట్టుని మాత్రం అద్దాల బీరువాలో బిగించినవాళ్ళని ఇద్దర్ని చూశాను. వాళ్ళతో వాదించడం నా వల్ల కాలేదు.

మన ఇళ్ళకి మాత్రమే ప్రత్యేకమైన జబ్బు ఒకటుంది. దాన్ని నేను పోపు జబ్బు అంటాను. గుడివాడలో వంటిల్లు వెనకాల ఎక్కడో ఉండేది, రేడియో ముందు వసారాలో ఉండేది. అమెరికా ఇళ్ళలో వంటగదికీ, టీవీ ఉండే గదికీ మధ్య గోడే ఉండదు. నూనె కాగి, ఆవాలు చిటపటలాడి, ఎండుమిరపకాయ ఘాటు లేచినప్పుడు కంటికి కనపడని నూనె తుంపరలు గాల్లో కలుస్తాయి. పొయ్యి పైన ఉండే ఫాను చాలా ఇళ్ళలో ఆ గాలిని బయటికి పంపదు, జల్లెడ పట్టి మళ్ళీ గదిలోకే వదుల్తుంది. ఆ నూనె ఎక్కడ చల్లటి రేకు తగిలితే అక్కడ వాలుతుంది. దాని మీద దుమ్ము, ఆ పైన సాంబ్రాణీ, అగరొత్తుల మసీ. ఉత్త దుమ్మయితే ఊదితే పోతుంది. ఇది పోదు, జిడ్డు కంబళిలా పరుచుకుంటుంది. వేడి బయటికి పోవాల్సిన హీట్‌సింక్ రెక్కల మధ్య ఇది పేరుకుంటే, గుడ్డ కప్పకపోయినా కప్పినట్టే. వాల్యూం గుండీ లోపలికి పోతే తిప్పినప్పుడల్లా బరబరమంటుంది. అలాంటి సెట్టు ఒకటి విప్పగానే గరాజంతా ఇంగువ వాసన కొట్టింది. మా అబ్బాయి వచ్చి, ఇవాళ సాంబారా అని అడిగాడు.

పోపు మానెయ్యమని నేను చెప్పను. అది మానేసి బతికే కన్నా పాట మానెయ్యడం తేలిక. పొయ్యి వెలిగించే ముందే ఫాను వేసి, కిటికీ కాస్త తెరిచి, సెట్టుని ఆ దారికి అడ్డంగా కాకుండా అవతలి గోడకి మారిస్తే చాలు. బరబరమనే గుండీలో తుప్పు బోల్టులకి కొట్టే నూనె స్ప్రే కొట్టేవాళ్ళున్నారు. రెండు రోజులు బాగుంటుంది, తరవాత ఆ నూనె కూడా దుమ్ము పట్టి మొదటికే వస్తుంది. దానికోసం కాంటాక్ట్ క్లీనర్ అని వేరే అమ్ముతారు. నాలుగు చుక్కలు వేసి ఇరవైసార్లు అటూ ఇటూ తిప్పాలి.

ఇక సంక్రాంతి పార్టీల సంగతి. పార్టీలో స్పీకర్లు పోతే అందరూ అనేది ఒకటే, ఆంప్లిఫయరు మరీ పెద్దదైపోయింది అని. నేను చూసినవాటిలో ఎక్కువ భాగం చిన్న ఆంప్లిఫయరు చంపినవే. ముప్ఫై వాట్ల ఆంప్లిఫయరుని గరాజు నిండా జనం మధ్య చివరిదాకా తిప్పితే, అది ఇవ్వలేని శక్తిని ఇవ్వబోయి పాట తరంగం పైనా కిందా నరికేస్తుంది. గుండ్రంగా ఉండాల్సిన తరంగం బల్లపరుపుగా అవుతుంది. పూర్తిగా చదరమైపోతే, అదే ఎత్తున్న గుండ్రటి తరంగం కన్నా రెట్టింపు శక్తి దాంట్లో ఉంటుంది. పైగా ఆ నరికిన అంచుల్లోంచి పుట్టే కీచు శబ్దాలన్నీ ట్వీటర్ మీదికే పోతాయి. దాని తీగ వెంట్రుకంత సన్నం. అది మాడిన సంగతి ఆ గోలలో ఎవరికీ తెలియదు. మర్నాడు పొద్దున పాట పెడితే గాయని ముక్కు మూసుకుని పాడుతున్నట్టు వినిపిస్తుంది. పాట గరగరమన్న మరుక్షణం గుండీ వెనక్కి తిప్పడం తప్ప దీనికి మందు లేదు. కానీ ఆ సమయంలో గుండీ దగ్గర నిలబడేది సాధారణంగా ఇంటాయన బావమరిది, ఆయన ఎవరి మాటా వినడు.

కరెంటు దగ్గర మనవాళ్ళకి రెండు దేశాల చిక్కులూ ఉన్నాయి. ఇండియాలో 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ఇక్కడ 120 వోల్టులు, 60 హెర్ట్జ్. వోల్టుల సంగతి అందరికీ తెలుసు, ట్రాన్స్‌ఫార్మర్ కొంటారు. హెర్ట్జ్ సంగతి ఎవరూ పట్టించుకోరు, దాన్ని ఆ ట్రాన్స్‌ఫార్మర్ మార్చలేదు. రిటైరై హైదరాబాదు వెళ్ళిపోయిన ఒకాయన తన పాత టర్న్‌టేబుల్ వెంట తీసుకెళ్ళారు. దాని మోటారు కరెంటు హెర్ట్జ్‌ని బట్టి తిరిగే రకం. నిమిషానికి 33 చుట్లు తిరగాల్సిన రికార్డు అక్కడ 28 కూడా తిరగలేదు. ఘంటసాల గొంతు మూడు స్వరస్థానాలు కిందికి దిగిపోయి, నిద్రలో పాడుతున్నట్టుంది. మోటారు కప్పీ మారిస్తే ఆ నడక సరవుతుంది. కానీ 60 హెర్ట్జ్‌కి మాత్రమే చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఆంప్లిఫయరు 50 మీద మామూలు కన్నా వేడెక్కుతూ పనిచేస్తుంది, అది పాటలో వినపడదు. సామాను సర్దుకునే ముందు వెనక రేకు మీద '50/60' అని రాసి ఉందో లేదో చూసుకోవడం మంచిది.

గుడివాడలో ఆకాశం ఉరమగానే మా నాన్నగారు చేసే మొదటి పని ఏరియల్ తీగ పీకి, ప్లగ్గు ఊడదీయడం. ఇక్కడికొచ్చాక ఆ భయం పోయింది, సర్జ్ ప్రొటెక్టర్ ఉంది కదా అని. దాని లోపల ఉండే బిళ్ళ ప్రతి దెబ్బకీ కొంచెం కొంచెం చస్తుందనీ, అది పూర్తిగా చచ్చాక కూడా ప్లగ్గులో కరెంటు మామూలుగానే వస్తుందనీ చాలామందికి తెలియదు. పదిహేనేళ్ళ నాటి పట్టీని నమ్ముకునే కన్నా మా నాన్నగారి పద్ధతే నయం.

చలికాలం ఇంకో తంతు. గరాజులో గడ్డకట్టిన సెట్టుని వెచ్చటి హాల్లోకి తెచ్చి వెంటనే స్విచ్చి వేస్తారు. ఫ్రిజ్జులోంచి తీసిన సీసాకి పట్టినట్టే దాని లోపలంతా చెమ్మ పడుతుంది. ఒక పూట ఊరికే వదిలేసి అప్పుడు పెట్టాలి. బేస్‌మెంటులో పెట్టిన స్పీకర్లకి వేసవి చెమ్మ అసలు శత్రువు. కోను చుట్టూ ఉండే స్పాంజి అంచు ఆ తేమకి పదిహేను, ఇరవై ఏళ్ళలో పిండిలా రాలిపోతుంది, వాడినా వాడకపోయినా. రబ్బరు అంచులవీ, గుడ్డ అంచులవీ ఎక్కువ కాలం ఉంటాయి. ఇక మూడు నెలలకి ఇండియా ప్రయాణం కడుతూ రిమోటుల్లోనూ, చిన్న రేడియోల్లోనూ బ్యాటరీలు వదిలేసి వెళ్ళేవాళ్ళకి, తిరిగొచ్చేసరికి తీగల మీద తెల్లటి ఉప్పు కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. ఆల్కలైన్ బ్యాటరీదైతే నిమ్మరసం చుక్క వేసి దూదిపుల్లతో తుడిస్తే చాలావరకు పోతుంది. అన్నట్టు, సెట్టు పని చేస్తుండగా వెనక వైర్లు పీకి పెట్టకండి. ఆ గుండ్రటి ప్లగ్గులో మధ్య పుల్ల ముందు తగులుతుంది, చుట్టూ ఉన్న ఎర్తు తరవాత తగులుతుంది. ఆ అరక్షణంలో వచ్చే ఢమ్మనే శబ్దానికి స్పీకరు గుండె ఆగుతుంది.

ఇవన్నీ వాడకంలో వచ్చే జబ్బులు. వీటికి ఒక మంచి గుణం ఉంది. ముందుగానే చెప్పి వస్తాయి. గుండీ బరబరమంటుంది, పాట సాగుతుంది, ఒక పక్క స్పీకరు మొరాయిస్తుంది. వాడకుండా దాచిన సెట్టుకి వచ్చే జబ్బులు ఎవరితోనూ చెప్పవు. ఏళ్ళ తరబడి కరెంటు తగలకపోతే కెపాసిటర్ లోపలి ఆక్సైడు పొర పలచబడుతుంది. ఒక్కసారిగా స్విచ్చి వేస్తే ఆ పొర తట్టుకోలేక వేడెక్కి, పొగ వస్తుంది. రిలేల వెండి కొసలు నల్లబడతాయి. టేపు మిషన్లో రబ్బరు చక్రం గట్టిపడుతుంది. కొన్ని రకాల బెల్టులయితే కరిగి తారులా మారిపోతాయి.

ఇది నాకు పుస్తకంలో కన్నా బాగా అర్థమైంది మేము బాబాయిగారు అని పిలుచుకునే పెద్దాయన ఇంట్లో. చుట్టరికం ఏమీ లేదు. 1972లో బాపట్ల నించి వచ్చి, ఇక్కడే కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైనాయన. 2023లో ఆయనా, పిన్నిగారూ నాలుగు గదుల ఇల్లు అమ్మేసి, పెద్దవాళ్ళుండే అపార్టుమెంటుకి మారాలనుకున్నప్పుడు, ఒక అట్టపెట్టె చూడమని నన్ను పిలిచారు. పెట్టెలో ప్లాస్టిక్ సంచీ, సంచీలో దుప్పటి, దుప్పటిలో 1970ల నాటి జపాను కేసెట్ డెక్కు. దాని పక్కనే ఒక బిస్కెట్ల రేకు డబ్బాలో పదకొండు కేసెట్లు.

ఆ కేసెట్లు ఉత్తరాలు. ఇండియాకి ఫోను చెయ్యాలంటే ఆపరేటర్‌కి చెప్పి గంటలు కాచుకుని, నిమిషానికి డాలర్లు పోసే కాలంలో చాలా ఇళ్ళవాళ్ళు మాటలు టేపు చేసి, వచ్చేవాళ్ళ చేతికిచ్చి పంపేవారు. బాపట్లలో ఆయన తల్లిగారు 1976 నించి 1984 దాకా పంపిన టేపులవి. ఆవిడ 1985లో పోయారు. ఆ తరవాత ఆయన వాటిని ఒక్కసారి కూడా పెట్టుకోలేదు. పెడితే అరిగిపోతాయని. రిటైరయ్యాక తీరిగ్గా, మంచి డెక్కు మీద ఒకేసారి వినాలని ఆ మిషన్నీ 1996లో దుప్పట్లో చుట్టి పైన పెట్టేశారట.

డెక్కు విప్పితే బెల్టుల్లేవు. బెల్టులుండాల్సిన చోట నల్లటి జిగురు. స్పిరిట్ ముంచిన దూదిపుల్లలు ఒక డబ్బా మొత్తం అయిపోయాయి. ప్లాస్టిక్ సంచీ దుమ్ముని ఆపింది గానీ, లోపల ఉన్న చెమ్మనీ బయటికి పోనివ్వలేదు, ఇనప స్ప్రింగులకి తుప్పు పట్టింది. కొత్త బెల్టులు తెప్పించి వెయ్యచ్చు, మూడు వారాలు పడుతుందని చెప్పాను. ఆయన ముఖం చూసి, మూడు వారాలు అనే మాట ఎనభై నాలుగేళ్ళవాళ్ళతో అంత తేలిగ్గా అనకూడదనిపించింది.

"నా దాంట్లో పెట్టకూడదూ?" అంది పిన్నిగారు.

ఆవిడది వంటగదిలో మైక్రోవేవ్ పక్కన ఉండే టూ-ఇన్-వన్. ఎన్నేళ్ళదో ఆవిడకే గుర్తు లేదు. పోపు జబ్బు బాగా ముదిరి, హ్యాండిలు పట్టుకుంటే చేతికి అంటుకుంటుంది. రోజూ పొద్దున్నే దాంట్లో ఎమ్మెస్ సుప్రభాతం మోగాల్సిందే. మూత విప్పి చూశాను. బెల్టు కొత్తదిలా ఉంది. అడిగితే, 2009లో సుప్రభాతం సాగతీతగా వినిపిస్తుంటే ఊళ్ళో ఎవరో కుర్రాడి చేత మార్పించానంది. రబ్బరుకి ముసలితనం ఆవిడ సెట్టులోనూ వచ్చింది. కాకపోతే రోజూ వినే చెవి ఉంది కాబట్టి ఆ రోజే దొరికిపోయింది. పైన దుప్పట్లో ఉన్నదానికి ఆ చెవి లేదు.

తల్లిగారి కేసెట్‌ని వెంటనే అందులో పెట్టలేదు. హెడ్డు మీద గోధుమ రంగు పొర కట్టి ఉంది. స్పిరిట్‌తో హెడ్డూ, దాని పక్కనున్న ఉక్కు ఇరుసూ తుడిచి, రబ్బరు చక్రాన్ని మాత్రం స్పిరిట్‌కి ఎండిపోకుండా తడిగుడ్డతో తుడిచి, ముందు ఎందుకూ పనికిరాని కేసెట్ ఒకటి అరగంట తిప్పాను. ఇక టేపుల వంతు. పదకొండింటిలో నాలుగింటికి హెడ్డుకి ఆనించి ఉంచే చిన్న ఫెల్టు మెత్త ఊడిపోయింది, జిగురు ఎండిపోయి. అది లేకపోతే టేపు హెడ్డుకి తగలక మాట గొణుగుడులా వస్తుంది. మరలు ఉన్న డబ్బాలయితే విప్పి, టేపుని కొత్త డబ్బాలోకి మార్చాను. ఒకటి అతికేసిన రకం, దాన్ని బ్లేడుతో అతుకు వెంబడి కోయాల్సొచ్చింది. అదృష్టవశాత్తూ అన్నీ 60 నిమిషాలవే. 120 నిమిషాల టేపు అందులో సగం మందమే ఉంటుంది, అది అంత ఓపిక పట్టనివ్వదు. శుభ్రమైన హెడ్డు మీద పదిసార్లు పాడినా ఆ టేపులకి తెలిసేంత అరుగుదల ఉండేది కాదు. ఆ మాట నేను బాబాయిగారితో అనలేదు.

హెడ్‌ఫోన్ సాకెట్‌లోంచి వైరు తీసి నా లాప్‌టాప్‌కి తగిలించి, రికార్డింగు మొదలుపెట్టి, ప్లే నొక్కాను. కాసేపు గాలి హోరు. తరవాత ఒక పెద్దావిడ గొంతు. "ఇదిగో, తిరుగుతోందా ఇది? చక్రాలు తిరుగుతున్నాయి గానీ..." వెనకాల ఎవరో మాట్లాడమంటున్నారు. "ఏం మాట్లాడనురా, వాడెదురుగా లేడే!"

బాబాయిగారు ముందుకి వంగారు. చెవుల్లో మిషన్లు సర్దుకున్నారు. లాప్‌టాప్ స్పీకరు గట్టిగా పెట్టాను. ఇంకొంచెం పెంచాను. ఆయన తల అడ్డంగా ఊపారు. గొంతు వినిపిస్తోంది, అది అమ్మదేనని తెలుస్తోంది, మాటలు మాత్రం విడివిడిగా తెలియడం లేదు. వయసుతో ముందు పోయేవి పై స్థాయి శబ్దాలు. స, శ, ష, చ లాంటివన్నీ అక్కడే ఉంటాయి. పాత టేపు మీద అవి ముందే పలచగా ఉంటాయి. ట్రెబుల్ పెంచి చూశాను, హోరు పెరిగింది తప్ప మాట తేలలేదు.

పిన్నిగారు కుర్చీ లాక్కుని ఆయన పక్కన కూచుంది. ఆవిడ చెవులు ఇంకా గట్టివే. టేపు ఒక వాక్యం అనడం, నేను ఆపడం, ఆవిడ ఆయన మొహంలోకి చూస్తూ పెదాలు కదిపి అదే వాక్యం గట్టిగా చెప్పడం. "వంకాయలు బాగా కాశాయి అంటోంది." మళ్ళీ ప్లే. "రెండో వాడికి బట్టతల వస్తోందట, నీకూ వస్తుందేమో కొబ్బరినూనె రాసుకోమంటోంది." ఆయన తల తడుముకుని నవ్వారు. అక్కడ ఇప్పుడేమీ లేదు.

రెండో వైపు మధ్యలో తల్లిగారి గొంతు కొంచెం తగ్గింది. పక్కన ఎవరైనా ఉన్నారేమో అని చూసుకుని చెబుతున్నట్టు. "ఒరేయ్, ఆ పిల్లకి వంట ఏమీ రాదు, నాకు తెలుసు. నువ్వేమీ అనకు. దాని ఎదురుగా అసలు అనకు. పరాయి దేశంలో నీకు అదే దిక్కు. నువ్వే కాస్త నేర్చుకుని చేసి పెట్టు." నేను స్టాప్ నొక్కి, కిటికీలోంచి బయటికి చూస్తూ కూచున్నాను.

"ఏమంటోంది?" అన్నారు బాబాయిగారు.

"వేళకి తింటున్నావా అంటోంది," అంది పిన్నిగారు.

పదకొండూ అలాగే విన్నారు, నాలుగు శనివారాలు పట్టింది. అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి, పిల్లలకి పంపించి, ఒక ప్రతి బయటి డిస్కులో పెట్టాను. ఆ డిస్కుని కూడా ఏడాదికోసారి తెరిచి చూడమని వాళ్ళ అమ్మాయికి చెప్పాను. డెక్కుకి బెల్టులు వేసి ఇచ్చాను, బాగానే పాడుతోంది. అది ఇప్పుడు కొత్త అపార్టుమెంటులో టీవీ కింద, గుడ్డ లేకుండా ఉంది. గుడ్డ తీయించింది నేను కాదు, పిన్నిగారు.

మొదటి శనివారం సాయంత్రం, టూ-ఇన్-వన్‌ని శుభ్రంగా విప్పి జిడ్డు వదలగొట్టి తెస్తానని కారులో పెట్టుకోబోతుంటే, ఆవిడ చెప్పులేసుకుని డ్రైవ్‌వే దాకా వచ్చింది.

"ఎప్పుడు తెస్తావు?"

"వచ్చే శనివారం, పిన్నిగారూ."

"అదేం కుదరదు. పొద్దున్నే అది మోగకపోతే నాకు కాఫీ దిగదు. రేపు సాయంత్రానికి తెచ్చి ఇచ్చెయ్యి. జిడ్డు పోకపోయినా ఫరవాలేదు."